గృహప్రవేశమునకు ముందు: పాత ఇంటి స్నానపు గదులు

ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అన్నది తెలుగువారి సామెత. కాని నేడు నగరములలో నివసించువారిలో పలువురు ఇల్లు కట్టుట లేదు. ఎవరో 30, 40 ఏండ్ల క్రిందట కట్టగా, మరెవరో కాపురముండి విడిచిపోయిన ఫ్లాటును కొని, బాగుచేయించుకొని ప్రవేశించుచున్నారు. క్రొత్త ఇంటి నిర్మాణములో కష్టము కంటికి కనబడుచుండును. పాత ఇంటిలో కష్టము గోడల వెనుకను, గచ్చు క్రిందను దాగియుండును. పైన రంగు వేసినంత మాత్రమున అది పోదు.

పాత ఫ్లాటులో పడకగదులు, వంటగది ఎట్లున్నను కొంతకాలము సర్దుకొనవచ్చును. సర్దుకొనుటకు వీలులేనిది స్నానపు గది. అది ఇంటిలో మిక్కిలి చిన్నది. అయినను మంచినీరు, మురుగునీరు, విద్యుత్తు, వేడి ఈ నాలుగును ఒకచోట కలియునది అచ్చటనే. వృద్ధులు జారిపడుటకు ఎక్కువ అవకాశమున్న చోటు అదియే. పై అంతస్తు చెమ్మ దిగునది, క్రింది అంతస్తునకు చెమ్మ పోవునది అచ్చటినుండియే. కావున ఇంటి మరమ్మతునకు వెచ్చింపదలచిన సొమ్ములో మొదటి రూపాయి స్నానపు గదికి చెందవలెను. అందును, కనబడు టైల్సుకంటె ముందు కనబడని గొట్టములకు, గచ్చు వాటమునకు, తీగెలకు చెందవలెను. ఇల్లు ఖాళీగా ఉన్న ఆ కొద్ది వారములలో ఈ పని జరుగనిచో, కాపురము వచ్చిన పిమ్మట జరుగుట దుర్లభము.

పెరటినుండి ఇంటిలోనికి

పూర్వము మన గ్రామములలో నూతిగట్టు పెరటిలో ఉండెడిది. స్నానము అచ్చటనే తడికల చాటున జరిగెడిది. మరుగుదొడ్డి ఉన్నచో అది పెరటి చివరను ఉండెడిది. పారిన నీరు అరటి పాదులకు పోయెడిది. ఎండయు గాలియు ఆ తావును దినదినము ఆరబెట్టెడివి. నగరములో స్థలము చాలనందున ఇవి రెండును ఇంటిలోనికి వచ్చి, పడకగదికి ఆనుకొని నిలిచినవి. కాని వానితోపాటు ఎండయు గాలియు లోనికి రాలేదు.

గాలి వెలుతురు లేని ఇరుకు నివాసముల వలని కీడును మన నగరములు అనుభవము మీద నేర్చుకొన్నవి. 1896లో బొంబాయిలో ప్లేగు చెలరేగిన పిమ్మట, 1898లో అచ్చట సిటీ ఇంప్రూవ్‌మెంట్ ట్రస్టు ఏర్పడినది. 1908లో మూసీనది వరద హైదరాబాదును ముంచిన తరువాత, 1912లో ఆ నగరమునకు సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు వచ్చినది. స్వాతంత్ర్యానంతరము 1970లో జాతీయ భవన నిర్మాణ నియమావళి తొలిసారి వెలువడినది. 2016లో దానిని సవరించి మరల ప్రచురించిరి. ఈ నియమావళి ప్రకారము స్నానపు గది వైశాల్యము 1.8 చదరపు మీటర్లకు తగ్గరాదు, వెడల్పు 1.2 మీటర్లకు తగ్గరాదు. స్నానమునకును మరుగుదొడ్డికిని ఒకే గది అయినచో వైశాల్యము 2.8 చదరపు మీటర్లకు తగ్గరాదు.

గోడలు జరుపుటకు వీలులేని పాత ఫ్లాటులో ఈ కొలతలను పెంచుట సాధ్యము కాకపోవచ్చును. కాని గది చిన్నదైనను ఆరోగ్యకరముగా చేయుటకు వీలున్నది.

ఒక కుటుంబము

ఒక కుటుంబమును ఉదాహరణముగా తలచుకొనవచ్చును. భర్త ఉపాధ్యాయుడు, భార్య బ్యాంకు ఉద్యోగిని. వారితో అతని తల్లి కలదు. ఆమె వయస్సు 72 ఏండ్లు. రెండేండ్ల పాప కలదు. వారు కొన్న ఫ్లాటు మూడంతస్తుల భవనములో రెండవ అంతస్తున ఉన్నది. భవనము కట్టి 40 ఏండ్లు కావచ్చినది. స్నానపు గదులు రెండు. రెండును నాలుగడుగుల వెడల్పు, అయిదడుగుల పొడవు గలవి. ముహూర్తము ఏడు వారముల దూరములో ఉన్నది. చేతిలోని సొమ్ము పరిమితము.

మేస్త్రీ వచ్చి చూచి, "పాత టైల్సు మీదనే కొత్తవి అతికించేద్దాం సార్, వారంలో అయిపోతుంది" అనెను. అంగడిలో పాలరాతివలె మెరయు టైల్సును చూచి వచ్చిన దంపతులకు ఈ మాట నచ్చెను. ముసలామె మాత్రము, "మెరిసే రాళ్ళు నాకెందుకురా నాయనా, పట్టుకోడానికి ఇంత ఆసరా ఉంటే చాలు" అనెను. కొన్నాళ్ళుగా ఆమె సాయంకాలము దాటిన తరువాత నీరు త్రాగుట మానివేసిన సంగతి అప్పటికి కొడుకునకు తెలియదు. రాత్రివేళ లేచి తడి గదిలోనికి పోవలసి వచ్చునన్న భయమే అందులకు కారణము. వృద్ధులలో ఈ అలవాటు అరుదు కాదు. తగినంత నీరు త్రాగనందున మలబద్ధకము, మూత్రకోశ వ్యాధులు, ఎండకాలమున సొమ్మసిల్లుట కలుగవచ్చును. స్నానపు గది మంచిది కానిచో, దానిలోనికి పోకుండగనే మనిషి వ్యాధి తెచ్చుకొనునన్న మాట.

చెమ్మ జాడ

బాగుచేయుటకు ముందు జాడ తీయవలెను. స్నానపు గది గోడకు వెలుపలి వైపున, పడకగదిలో, నేలకు అడుగు ఎత్తులో రంగు పొక్కి, తెల్లని ఉప్పు లేచియున్నచో గచ్చు క్రింద నీరు నిలుచుచున్నదని అర్థము. కప్పు మీద మచ్చ యున్నచో అది పై ఇంటినుండి దిగిన నీరు. కొన్ని వారములు ఎవరును నీరు వాడని ఖాళీ ఇంటిలో సైతము ఆ మచ్చ ఆరనిచో సందేహింప పనిలేదు. అట్టి మచ్చకు క్రిందినుండి ఎన్ని పూతలు పూసినను ప్రయోజనము లేదు. పై ఇంటివారితో మంచిమాటలాడి, వారి గచ్చునే బాగుచేయింపవలెను.

చెమ్మ ఉన్నచోట బూజు పట్టును. బూజు విడుచు సూక్ష్మబీజములు గాలిలో తేలి, ఊపిరితో లోనికి పోవును. చెమ్మ, బూజు ఉన్న ఇండ్లలో నివసించువారికి దగ్గు, పిల్లికూతలు, ఉబ్బసము ఎక్కువగా కనబడుచున్నవని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో వెలువరించిన మార్గదర్శకములలో తెలిపినది.

కావుననే టైల్సు మీద టైల్సు అతికించుట మంచి పద్ధతి కాదు. క్రింది కారుడు అట్లే యుండును. పైగా గచ్చు ఎత్తు పెరిగి, నీరు గుమ్మము దాటి పడకగదిలోనికి వచ్చును. పాత గచ్చును, దాని క్రింద నింపిన ఇటుక ముక్కలను స్లాబు వరకు తీసివేయవలెను. స్లాబును శుభ్రపరచి, మూలలను సిమెంటుతో గుండ్రముగా తీర్చి, నీరు దిగని పూత వేయవలెను. ఆ పూత గోడల మీదికి కనీసము అడుగు ఎత్తు వరకును, నీరు చిలుకుచోట మనిషి ఎత్తు వరకును ప్రాకవలెను. అది ఆరిన పిమ్మట తూములు బిగించి, గదిలో నీరు నిలిపి, కనీసము 24 గంటలు వేచి యుండవలెను. తరువాత క్రింది ఇంటి కప్పును చూడవలెను. అచ్చట తడి లేనిచో పని సరియైనట్లు. ఈ పరీక్షకు ఖర్చు లేదు; ఓర్పు మాత్రము కావలెను.

గచ్చు వేయునపుడు తూమువైపు మీటరునకు ఒకటి లేక ఒకటిన్నర సెంటీమీటరు వాటము ఉంచవలెను. టైల్సు పరచిన తరువాత చెంబెడు నీరు పోసి చూచినచో వాటము సంగతి తెలియును. నీరు ఎచ్చట నిలిచినను అచ్చట పాచి పట్టును. ఇక గోడలు పగులగొట్టునపుడు స్తంభములను, దూలములను, స్లాబును తాకరాదు. సందేహము కలిగినచో ఇంజనీరును పిలిచి అడుగవలెను. భవన సంఘమువారి అనుమతి ముందుగా పొందవలెను.

వంపులోని నీరు

స్నానపు గది తూము క్రింద ఒక వంపు గల గిన్నె యుండును. పనివారు దానిని నహానీ ట్రాపు అందురు. దానిలో ఎల్లప్పుడు రెండంగుళముల నీరు నిలిచియుండవలెను. ఆ నీరే తలుపు. మురుగు గొట్టములోని దుర్వాసన, పురుగులు, రోగకణములతో కూడిన గాలి ఇంటిలోనికి రాకుండ ఆ తలుపే ఆపుచున్నది. ఎక్కువకాలము నీరు పోయనిచో అది ఎండిపోవును. అప్పుడు తలుపు తెరచుకొన్నట్లే.

ఇది చిన్న విషయమని తలపరాదు. 2003 మార్చిలో హాంకాంగు నగరములోని ఆమోయ్ గార్డెన్స్ అను అంతస్తుల భవనములలో సార్స్ వ్యాధి 300 మందికి పైగా సోకినది. అచ్చటి ఆరోగ్యశాఖ కారణములు వెదకగా, పలు ఇండ్లలో స్నానపు గది నేలను నీటితో కడుగక తడిగుడ్డతో తుడుచు అలవాటు కలదని, అందువలన తూము వంపులు ఎండియున్నవని తేలినది. గాలిని బయటకు లాగు పంకా వేసినపుడు, మురుగు గొట్టములోని తుంపరలు ఎండిన తూముద్వారా గదిలోనికి వచ్చియుండునని వారు నిర్ణయించిరి. ఒకరి ముఖము ఒకరు చూడని ఇరుగుపొరుగులకు ఒకే గొట్టము రోగమును పంచినది.

పాత ఫ్లాటులలో వంపు లేని తూములు, పగిలిన ట్రాపులు, మూసికొనిపోయిన గాలి గొట్టములు ఉండుట కద్దు. గచ్చు పగులగొట్టినపుడే వానిని మార్చవలెను. భవనపు మురుగు గొట్టము మీద గాలి పోవుటకు పైవరకు సాగిన మూతిని ఎవరును మూయరాదు. అది మూసినచో, ఒక ఇంటిలో నీరు వదిలినప్పుడు మరియొక ఇంటి వంపులోని నీరు లాగికొనిపోవును. వాడని స్నానపు గదియైనను వారమునకొకసారి తూములో చెంబెడు నీరు పోయవలెను.

మంచినీరు, మురుగునీరు

1955 డిసెంబరులో ఢిల్లీ నగరమున కామెర్ల వ్యాధి పెచ్చుపెరిగి 1956 జనవరి వరకు సాగినది. యమునానది పాయ మార్చుకొనగా, నజఫ్‌గఢ్ కాలువ మురుగు వజీరాబాదు వద్ద నగరమునకు నీరు తోడుకొనుచోటికి చేరినది. సుమారు 29,000 మందికి కామెర్లు కనబడినవి. నిల్వయుంచిన రక్తపు నమూనాలను తరువాతి కాలమున పరీక్షింపగా, ఇది నేడు హెపటైటిస్-ఇ అని పిలువబడు వ్యాధి యని తెలిసినది. నగరము మొత్తమునకు జరిగినది ఒక్క భవనములోను జరుగవచ్చును. మన నగరములలో పెక్కింట నీరు రోజంతయు రాదు. కుళాయి ఆగినపుడు గొట్టములో ఒత్తిడి తగ్గి, పగుళ్ళద్వారా చుట్టునున్న మురుగును లోనికి పీల్చును.

పాత ఇండ్లలోని ఇనుప గొట్టములు లోపల త్రుప్పు పట్టి సన్నగిలి, అతుకులవద్ద కారుచుండును. కావున గోడ పగులగొట్టినపుడే వానిని మార్చుట లాభము. మంచినీటి గొట్టమును మురుగు గొట్టమునకు దూరముగాను, దానికంటె పైగాను పోనీయవలెను. కుళాయి మూతికిని బాల్చీ అంచునకును మధ్య ఎడముండవలెను. రబ్బరు గొట్టమును బాల్చీలో ముంచి విడిచినచో, ఒత్తిడి తగ్గినపుడు బాల్చీలోని మైలనీరు వెనుకకు పోయి మంచినీటిలో కలియును. మరుగుదొడ్డివద్ద వాడు పిచికారీ గొట్టమును నేలమీద పడవేయక కొక్కెమునకు తగిలింపవలెను.

పని ముగిసిన పిమ్మట ఇంటి నీటి ట్యాంకును ఖాళీచేసి, గోడలు రుద్ది కడుగవలెను. తరువాత 1,000 లీటర్ల నీటికి 150 గ్రాముల తాజా బ్లీచింగు పొడి చొప్పున కలిపి ఒక రాత్రి నిల్వయుంచి, ఆ నీటిని పారబోసి, మరల నింపవలెను. ఇచ్చట ఒక హెచ్చరిక అవసరము. టైల్సు మీది సిమెంటు మరకలు పోవుటకు పనివారు యాసిడ్ వాడుదురు. యాసిడ్‌ను బ్లీచింగు పొడితో ఎన్నడును కలుపరాదు. కలిపినచో క్లోరిను వాయువు పుట్టును. చిన్న గదిలో అది ఊపిరితిత్తులను దహించును.

పాత రంగు, పాత రేకులు, దుమ్ము

పాత తలుపులకు, కిటికీ ఊచలకు పొరమీద పొరగా వేసిన ఎనామిలు రంగులలో సీసము ఉండవచ్చును. ఇండ్లలో వాడు రంగులలో పది లక్షల భాగములకు 90 భాగములకు మించి సీసము ఉండరాదను నియమము మన దేశములో 2016లో వచ్చి, 2017 నవంబరు 1 నుండి అమలులోనున్నది. అంతకు పూర్వము వేసిన రంగునకు ఆ హామీ లేదు. ఆ రంగును ఉప్పుకాగితముతో పొడిగా రుద్దినచో సీసపు ధూళి ఇల్లంతయు పరచుకొనును. నేలమీద ప్రాకి, చేతులు నోటిలో పెట్టుకొను పసిపిల్లల శరీరములో అది చేరును. వారి మెదడు ఎదుగుదలకు అది కీడు చేయును. ఇంత సీసము వరకు హాని లేదనదగిన హద్దు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది.

కావున పాత రంగును తడిపి, తడిగానే గీకవలెను; మంటతో కాల్చరాదు. రాలిన పెచ్చులను గోనెలో కట్టి పారవేయవలెను. నేలను చీపురుతో ఊడ్వక తడిగుడ్డతో తుడువవలెను. ఆ దినములలో పిల్లలను, గర్భవతులను ఆ ఇంటిలోనికి రానీయరాదు. ఉదాహరణములోని తల్లి ప్రతి సాయంకాలము పని చూచుటకు పాపను చంకనెత్తుకొని వచ్చుచుండెను. సంగతి తెలిసిన పిమ్మట పాపను అత్తగారివద్ద విడిచి వచ్చెను. ఇంటికి మరలి బట్టలు మార్చుకొనిన తరువాతనే పాపను తాకెను.

పాత భవనములలో నీటి గొట్టములు, అటకమీది రేకులు ఆస్‌బెస్టాస్ సిమెంటువి కావచ్చును. ఆ నార ఊపిరితిత్తులలో చేరి, పెక్కేండ్ల తరువాత క్యాన్సరునకు కారణము కాగలదు. వానిని పొడిగా కోయరాదు, పగులగొట్టరాదు. తడిపి, ముక్కలు కాకుండ తీయింపవలెను.

టైల్సు కోయునపుడు, కాంక్రీటు చెక్కునపుడు లేచు దుమ్ములో సిలికా ఉండును. ఇంటివారికి ఇది కొన్ని దినముల దుమ్ము. పనివానికి ఇది నిత్యమైన దుమ్ము. ఏండ్ల తరబడి పీల్చినవానికి సిలికోసిస్ వ్యాధి వచ్చును. దానికి పూర్తిగా నయముచేయు మందు లేదు. కోతయంత్రముమీద నీరు పడునట్లు చేసినచో దుమ్ము చాలవరకు అణగును. మూతికి చుట్టుకొన్న రుమాలు సన్నని దుమ్మును ఆపదు; ఎన్-95 ముసుగు కావలెను. మరమ్మతు ఖర్చులో పనివారి ముసుగుల ఖర్చును చేర్చుట గృహస్థుని ధర్మము.

వేడినీరు, విద్యుత్తు

చిన్న స్నానపు గదిలో గ్యాసు గీజరు పెట్టుట ప్రాణాపాయకరము. తలుపు మూసి స్నానము చేయుచుండగా మంట గదిలోని ప్రాణవాయువును తినివేయును. అది చాలనపుడు కార్బన్ మోనాక్సైడు పుట్టును. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తములోని హీమోగ్లోబిను ప్రాణవాయువును పట్టుకొనుటకంటె 200 రెట్లకు మించిన బలముతో దానిని పట్టుకొనును. తల నొచ్చుట, కన్నులు తిరుగుట, కాళ్ళు తేలిపోవుట మొదటి గుర్తులు. తలుపు గడియ తీయుటకు సత్తువ చాలకమునుపే స్పృహ తప్పవచ్చును. గ్యాసు గీజరు కావలెనన్నచో దానిని గదికి వెలుపల, ఆరుబయట గాలి ఆడుచోట బిగించి, వేడినీటిని మాత్రము గొట్టముద్వారా లోనికి తేవలెను.

విద్యుత్ గీజరునకు సరియైన ఎర్తు తీగె ఉండవలెను. పాత ఇండ్లలో మూడు రంధ్రముల ప్లగ్గు కనబడినను, మూడవ తీగె ఎచ్చటికిని పోకుండుట కలదు. ఎలక్ట్రీషియను చేత దానిని పరీక్షింపజేయవలెను. స్విచ్చి స్నానపు గదికి వెలుపల ఉండవలెను. వీనితోపాటు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. అను సాధనమును ఇంటి మెయిన్ బోర్డులో అమర్చినచో, కరెంటు మనిషి శరీరముద్వారా నేలకు పోవుచున్నపుడు అది క్షణములో సరఫరాను నిలుపును. వేడినీటి విషయములోను జాగ్రత్త అవసరము. 60 డిగ్రీల నీరు కొద్ది క్షణములలో చర్మమును కాల్చును. పసిపిల్లల చర్మము ఇంకను త్వరగా కాలును. బాల్చీలో చన్నీరు ముందు, వేన్నీరు తరువాత పోయుట మంచి అలవాటు.

గాలియు కావలెను. పలు పాత ఫ్లాటులలో వెంటిలేటరును అద్దముతోనో చెక్కతోనో మూసివేసి యుందురు. దానిని తెరచి, దోమల వల బిగించి, గాలిని బయటకు త్రోయు చిన్న పంకా అమర్చవలెను. స్నానము తరువాత గచ్చు త్వరగా ఆరిపోవుటయే గదికి చక్కని ఆరోగ్య లక్షణము.

జారని నేల, వెలుపలికి తెరచుకొను తలుపు

వృద్ధాప్యములో తుంటి ఎముక విరిగినచో మనిషి మంచము పట్టును. కొందరు తిరిగి లేవరు. కావున నేలకు నున్నని టైల్సు పనికిరావు, గరుకైనవి ఎన్నుకొనవలెను. అంగడిలో టైలుమీద నీరు చల్లి, తడి పాదము మోపి చూచి కొనవలెను. కమోడు ప్రక్కను, స్నానము చేయుచోటను పట్టుకొనుటకు కడ్డీలు బిగింపవలెను. వాని మరలు టైలులో కాక లోపలి గోడలో గట్టిగా దిగవలెను. తువ్వాలు వేయు దండెము మనిషి బరువును మోయదు. దానిని ఆసరాగా నమ్మరాదు.

చిన్న గదిలో తలుపు లోపలికి తెరచుకొనుచుండును. లోపలివారు పడిపోయినచో వారి శరీరమే తలుపునకు అడ్డమగును, రక్షింపవచ్చినవారు తెరువలేరు. తలుపును వెలుపలికి తెరచుకొనునట్లు మార్చి, బయటినుండియు తీయగల గడియ పెట్టవలెను. చోటు చాలనిచో జరుపు తలుపు మంచిది. మంచమునుండి స్నానపు గది వరకు రాత్రివేళ సన్నని దీపము వెలుగుచుండవలెను.

ఏడు వారముల లెక్క

ముహూర్తము దగ్గరపడినకొలది పనిలో తొందర పెరుగును. ఆరని పూతమీద గచ్చు, ఆరని గచ్చుమీద టైల్సు పడును. ఆ తొందర ఫలితము మొదటి వానాకాలములోనే గోడమీద కనబడును. కావున లెక్కను ముహూర్తమునుండి వెనుకకు వేసికొనవలెను. మొదటి వారము పరీక్ష, అనుమతులు, పాత రంగు తడిపి తీయుట. రెండవ వారము గచ్చు తొలగించుట, గొట్టములు, తీగెల మార్పు. మూడవ వారము నీరు దిగని పూత, నీరు నిలిపి పరీక్ష. నాలుగవ వారము గచ్చు, వాటము, గోడలపూత, వానిని తడుపుట. అయిదవ వారము టైల్సు. ఆరవ వారము కుళాయిలు, కడ్డీలు, దీపములు, తలుపులు, రంగు. ఏడవ వారము ఏ పనియు పెట్టక, కిటికీలు తెరచి రంగు వాసన పోనిచ్చి, ట్యాంకు కడిగి, తూములలో నీరు నింపవలెను.

పని జరుగునన్నాళ్ళు డ్రమ్ములలో, సంపులో, గచ్చు తడుపుటకు కట్టిన మడులలో నీరు నిలుచును. డెంగీ వ్యాపింపజేయు ఏడిస్ దోమ అట్టి నీటిలోనే పెరుగును. గ్రుడ్డునుండి దోమ అగుటకు సుమారు వారము పది దినములు చాలును. ఆ గ్రుడ్లు నీరు లేకున్నను నెలల తరబడి బ్రదికి యుండును. కావున ఆరు దినములకొకసారియైనను డ్రమ్మును బోర్లించి, లోపలి గోడలను రుద్ది కడుగవలెను. ఖాళీ ఇంటి కమోడు, ఫ్లష్ ట్యాంకు మూతలు మూసియుంచవలెను.

ఆ కుటుంబము చివరకు పాలరాతి మెరుపును వదలుకొన్నది. ఆ సొమ్ముతో రెండు గదుల గొట్టములు మారినవి, తూములు మారినవి, తలుపులు వెలుపలికి తిరిగినవి. చుట్టములు వచ్చి చూచి, ఇంత ఖర్చు పెట్టితిరే, ఎచ్చట పెట్టితిరో కనబడుటలేదే అనిరి. నిజమే, అందులో ఎక్కువ భాగము గచ్చు క్రిందనే ఉన్నది. పాలు పొంగించి గృహప్రవేశము చేసిన నాటి రాత్రి, ముసలామె లేచి, సన్నని దీపపు వెలుగులో పొడి నేలమీద నడచి, కడ్డీ పట్టుకొని వెళ్ళి వచ్చినది. మరునాటి సాయంకాలము ఆమె తన మంచము ప్రక్కన చెంబుతో నీరు పెట్టుమని కోడలిని అడిగినది.